ఆకాశం ఒక్కటే – కాలగణనలు వేరు

కార్తీక పౌర్ణమినాడు చంద్రుడు కృత్తికా నక్షత్ర సమీపంలో ఉంటాడు. ఆ మాసానికి ఆ పేరు అందువల్లనే వచ్చింది. ఆ కృత్తికలనే దూరదేశాల ప్రజలు కూడా కాలానికి కొలబద్దగా స్వీకరించారు.

బాబిలోనియన్లు ఖగోళ పరిజ్ఞానాన్ని మట్టిపలకలపై లిఖించారు. వారి ‘ముల్ అపిన్’ గ్రంథానికి లభించిన ప్రతులలో ఒకటి క్రీ.పూ. 686 నాటిది. అందులో చంద్రమార్గ నక్షత్రాల పట్టిక కృత్తికలతోనే ఆరంభమవుతుంది. సంవత్సరాది నాడు నెలవంక కృత్తికలతో కూడితే అది సాధారణ వత్సరం. ఆ కలయిక మూడవ దినాన జరిగితే అధికమాసం చేర్చాలి.

న్యూజీలాండ్‌లోని మావోరీలు పాలినేషియన్ సంతతివారు. వారు నక్షత్రవిద్యను కంఠస్థం చేసి తరతరాలకు అందించారు. కృత్తికలను వారు ‘మతారికి’ అంటారు. అక్కడి శీతకాలంలో, సూర్యోదయానికి ముందు అవి తూర్పున మళ్ళీ కనిపించడం నూతన సంవత్సరానికి సూచన. 2022 నుండి మతారికి ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం.

మధ్య అమెరికాలోని మాయా ప్రజల గణితంలో శుక్రునికి విశిష్ట స్థానం ఉంది. శుక్రుడు సుమారు 584 దినాలకొకసారి వేగుచుక్కగా తిరిగి ఉదయిస్తాడు. అట్టి 5 ఆవృత్తులకు 2,920 దినాలు; 365 దినాల సంవత్సరాలు ఎనిమిదింటికీ అంతే. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో భద్రపరచిన మాయా గ్రంథంలో ఈ లెక్క ఉంది. అటువంటి గ్రంథాలను 1562లో మాని పట్టణంలో స్పెయిన్ మతాచార్యుడు డియెగో దె లాండా దహింపజేశాడు. మాయా గ్రంథాలలో నేడు మిగిలినవి నాలుగే.

మట్టిపలకలను నేల కాపాడింది. కంఠస్థవిద్యను వారసులు కాపాడారు. చెట్టుపట్టపై వ్రాసిన గ్రంథాలకు ఆ రక్షణ లభించలేదు. విజ్ఞానాన్ని ఆర్జించడమే కాక, దానిని సంరక్షించి భావితరానికి అప్పగించడం కూడా విద్యావంతుల కర్తవ్యం.