ఆ ఇంట్లో ఇమడలేకపోతున్నాను

సమస్య

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. సెప్టెంబరులో మాస్టర్స్ చదవడానికి కెనడా వచ్చాను. ఒంటారియోలోని లండన్ నగరంలో పెద్దవయసు దంపతుల ఇంట్లో హోమ్‌స్టేలో ఉంటున్నాను. ఒక్కదాన్నే ఉండటం కన్నా కుటుంబం మధ్య ఉంటే క్షేమమని నాన్నే పట్టుబట్టి చేర్పించారు. నెలనెలా కట్టే డబ్బులోనే గది, ఉదయం టిఫిను, రాత్రి భోజనం.

వాళ్లు చెడ్డవాళ్లు కారు. కానీ ప్రతిదానికీ ఓ రూలు. భోజనం సాయంత్రం ఆరింటికే. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఏడున్నర, నా ప్లేటు ఫ్రిజ్‌లో ఉంటుంది. శాకాహారినని ముందే చెప్పాను. అయినా కూరగాయల సూపులో చికెన్ ఉడికించిన నీళ్లు పోశారని తిన్నాక తెలిసింది. ఆ రాత్రంతా ఏడ్చాను. ఒకరోజు పప్పుకు తాలింపు పెడితే పొగ అలారం మోగింది. ఆవిడ పరుగెత్తుకొచ్చి, ఇంకెప్పుడూ ఇలాంటివి చెయ్యొద్దన్నారు. స్నానం పది నిమిషాల్లో అయిపోవాలట. రాత్రి పదిన్నరకు అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే గోడ తట్టారు. అప్పటినుంచి గది తలుపు వేసుకునే ఉంటున్నాను. 'నీకు మా ఇల్లు నచ్చలేదా?' అని ఆవిడ అడిగితే జవాబు తోచక నవ్వి ఊరుకున్నాను.

మన అమ్మాయిలు నలుగురు ఒక బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్నారు, నన్నూ వచ్చెయ్యమంటున్నారు. నాన్నకు చెబితే కంగారు పడతారు. వెళ్లిపోనా?

— ఒక విద్యార్థిని

సలహా

అమ్మా, నీ ఉత్తరంలో సర్దుకోవాల్సినవీ, అడిగి తీరాల్సినవీ కలగలిసిపోయాయి. ముందు వాటిని విడదీద్దాం.

నువ్వు చెప్పిన రూళ్లలో చాలావాటికి ఆ ఇళ్ల తీరే కారణం. చలికి కిటికీలన్నీ మూసి ఉంచుతారు. ఫర్నేస్ వేడిగాలి గొట్టాల గుండా ఇల్లంతా తిరుగుతుంది. వంటింట్లో ఎండుమిర్చి మాడిన ఘాటు పడగ్గదుల దాకా వెళ్లి కార్పెట్లకూ కోట్లకూ పట్టేస్తుంది. అంతస్తుకో పొగ అలారం ఉండాలన్నది ఒంటారియో చట్టం. చాలా ఇళ్లలో వేడినీళ్లకు ఉన్నది ఒకే ట్యాంకు, నువ్వు ఎక్కువసేపు స్నానం చేస్తే తర్వాతివాళ్లకు చన్నీళ్లే. ఇవేవీ నిన్ను చిన్నబుచ్చడానికి పెట్టినవి కావు. ఫోను సంగతీ తేలికే. నవంబరులో అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అమ్మకు ఉదయం ఏడైతే నీకు రాత్రి ఎనిమిదిన్నర. ఆ వేళకు మాట్లాడితే ఎవరి నిద్రా పాడవదు.

తిండి విషయం అలా కాదు. శాకాహారం పెడతామని ఒప్పుకున్నాక ఆ మాట నిలబడాలి. కాకపోతే, ముక్కలు లేకపోతే చాలనుకునేవాళ్లు అక్కడ ఉంటారు. చికెన్ బ్రాత్, బీఫ్ బ్రాత్, ఫిష్ సాస్, జెలటిన్ అంటూ నువ్వు తిననివన్నీ కాగితం మీద రాసివ్వు. గుడ్డు తింటావో లేదో కూడా రాయి.

ఆవిడ అడిగిన ప్రశ్నకు నువ్వింకా జవాబు చెప్పలేదు. తలుపు వేసుకుంటే వాళ్లకు నీ బెంగ కనిపించదు, నువ్వు వాళ్లను వద్దనుకున్నట్టే ఉంటుంది. ఈ ఆదివారం ఇద్దరితోనూ కూర్చుని మాట్లాడు. సూపు తిన్న రాత్రి ఎంత బాధపడ్డావో చెప్పు. వారానికి ఒక పూట వంట చేసుకోనిమ్మని అడుగు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, కిటికీ కొంచెం తెరిచి, సన్నని సెగ మీద తాలింపు పెట్టు. కారం తగ్గించి వాళ్లకూ వడ్డించు. మిగతా రోజులకు అమ్మ చేత కందిపొడి, కరివేపాకు పొడి పంపించుకో. సెలవు రోజుల్లోనైనా ఆరింటికి వాళ్లతో కలిసి తిను.

ఒకటి మాత్రం గట్టిగా గుర్తుంచుకో. యజమానితో వంటగదో బాత్రూమో కలిసి వాడుకునే ఇంటికి ఒంటారియోలో 2006 నాటి అద్దె చట్టం వర్తించదు. కాబట్టి నువ్వు సంతకం పెట్టిన హోమ్‌స్టే ఒప్పందమే నీకు ఆధారం. అది తీసి, ఏ భోజనాలు పెడతామన్నారో, ఖాళీ చెయ్యాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో చదువు. అడక్కుండా నీ గదిలోకి రావడం, పాస్‌పోర్టు తీసి పెట్టుకోవడం, ఒప్పందంలో లేని ఇంటిపనులు చేయించడం లాంటివి జరిగితే సర్దుకోకు. ఆరోజే హోమ్‌స్టే కోఆర్డినేటర్‌కో, కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికో చెప్పు.

సెమిస్టర్ మధ్యలో ఇల్లు మారడం నాకు ఇష్టం లేదు. డిసెంబరు పరీక్షలయ్యేదాకా చూడు. మాట్లాడాక కూడా తిండి విషయం మారకపోతే మారిపో, అందులో తప్పేమీ లేదు. వెళ్లేముందు ఆ బేస్‌మెంట్‌లో ప్రమాదం వస్తే బయటపడగలిగేంత కిటికీ ఉందా, అలారం పనిచేస్తోందా, అద్దె పత్రంలో నీ పేరు రాస్తారా అన్నవి చూసుకో. వంటగది, బాత్రూమ్ విడిగా ఉండే పోర్షన్ అయితే అద్దె చట్టం రక్షణ కూడా ఉంటుంది.

ఇదంతా నాన్నకు నీ నోటితో నువ్వే చెప్పు. ఉన్నా, వెళ్లినా, అందరికీ చెప్పే చెయ్యి.