తాళాలు ఇచ్చే ముందు

చి. సౌ. శ్రావణికి,



వచ్చే జులైలో ఫ్రిస్కోలోని మీ ఇంటిని లియోన్‌లో ఉండే ఫ్రెంచ్ కుటుంబానికి మూడు వారాలు ఇచ్చి, వాళ్ల ఇంట్లో మీరు ఉండాలనుకుంటున్నామని రాశావు. హోటల్ ఖర్చు మిగులుతుందని నీ లెక్క. ముక్కూ మొహం తెలియని వాళ్లకు ఇల్లెలా అప్పజెబుతామని మీ ఆయన భయం. రెండూ కొట్టిపారేసేవి కావు. అయితే ఈ పద్ధతిని నిలబెట్టేది పరస్పర పూచీ. వాళ్ల ఇల్లు మీ చేతిలో ఉన్న రోజుల్లోనే మీ ఇల్లు వాళ్ల చేతిలో ఉంటుంది. ఆ పూచీ ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ సడలుతుందో చూసుకుంటే, ఒప్పుకోవాలో వద్దో మీకే తెలుస్తుంది.

ఇళ్లు మార్చుకునే ఈ పద్ధతి పుట్టిన తీరు చూడు. 1953లో యూరప్‌లో కొందరు టీచర్లు ఇందుకోసం ఇంటర్‌వాక్ అనే సంస్థను మొదలుపెట్టారు. టీచర్లకు సెలవులు ఎక్కువ, జీతాలు తక్కువ. అచ్చువేసిన జాబితాలో ఇళ్లు చూసుకుని, ఉత్తరాల మీద మాట్లాడుకుని, తర్వాతే తాళాలు ఇచ్చుకునేవారు. ఆ ఆలస్యంలోనే ఒకరి సంగతి మరొకరికి తెలిసేది. 1992లో మొదలైన హోమ్‌ఎక్స్ఛేంజ్ లాంటి సంస్థలు ఇంటర్నెట్‌లోకి వచ్చాక ఇల్లు వెతకడం నిమిషాల పని అయింది. మనుషుల్ని తెలుసుకోవడం మాత్రం అంత తొందరగా అయ్యేది కాదు. 2006లో వచ్చిన ‘ది హాలిడే’ సినిమాలో ఇద్దరు ఆడవాళ్లు కంప్యూటర్లో కాసేపు మాట్లాడుకుని మర్నాడే విమానమెక్కేస్తారు. పిల్లలతో వెళ్లే మీకు అది కుదరదు. వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించుకోండి. ఇంతకుముందు వాళ్లతో ఇళ్లు మార్చుకున్నవాళ్లు ఏం రాశారో చదవండి.

ఇప్పుడు ఇలాంటి వెబ్‌సైట్లలో పాయింట్ల పద్ధతి కూడా ఉంది. ఎవరికో ఇల్లిస్తే వచ్చిన పాయింట్లతో ఇంకెవరి ఇంట్లోనో ఉండొచ్చు. తేదీలు కలవనివాళ్లకు అది సౌకర్యమే. కానీ మీ ఇంట్లో దిగినవాళ్ల ఇల్లు మీ చేతిలో ఉండదు. పూచీ సడలి, ఆ వెబ్‌సైట్ ఇచ్చే హామీయే దిక్కవుతుంది. అందుకే మొదటిసారి నేరుగా, ఒకే తేదీల్లో మార్చుకోండి. ఫ్రాన్స్‌లో బడులకు జులై, ఆగస్టుల్లో సెలవులు. మీ పిల్లలకూ జులైలో బడి ఉండదు కాబట్టి తేదీల చిక్కు లేదు.

పరస్పర పూచీ మనుషుల జాగ్రత్తకు సరిపోతుంది గానీ ప్రమాదాలకు సరిపోదు. పైపు పగిలితే ఎవరి మంచితనమూ ఆదుకోదు. కాబట్టి మీ ఇంటి ఇన్సూరెన్సు కంపెనీకి ముందే రాసి, అద్దె తీసుకోకుండా ఇతరులు ఉన్నప్పుడు కూడా పాలసీ వర్తిస్తుందని వాళ్ల చేత రాతపూర్వకంగా చెప్పించుకో. మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) నిబంధనలూ చూడు. కార్లు కూడా మార్చుకుంటే మరింత జాగ్రత్త. ఫ్రాన్స్‌లో కొన్ని పాలసీలు యజమాని కాక వేరేవాళ్లు నడపడాన్ని ఒప్పుకోవు, కొన్ని ప్రమాదం జరిగితే యజమాని భరించాల్సిన మొత్తాన్ని పెంచుతాయి. పైగా అక్కడ గేర్లు మార్చే కార్లే చాలా కనిపిస్తాయి. వీసా సంగతీ చూసుకోవాలి. మీవి ఇండియన్ పాస్‌పోర్టులు కాబట్టి షెంగెన్ వీసాకు బస ఎక్కడో ఆధారం చూపాలి. ఇంటివాళ్లు లేని ఇంట్లో ఉంటున్నామంటే ఏ కాగితం చెల్లుతుందో ముందే అడిగి తెలుసుకో. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు.

ఒప్పందం రాసుకుంటే అవతలివాళ్లను అనుమానించినట్టు కాదా అంటావేమో. రాయనిచోటే అనుమానాలు పుడతాయి. జులై ఎండకు మీ టెక్సస్‌లో ఏసీ రాత్రింబవళ్లు తిరగాల్సిందే. ఆ కరెంటు బిల్లు ఎవరిదో, పగిలిన సామాను ఎవరు కొనివ్వాలో, తిరిగి వెళ్లేటప్పుడు ఇల్లు ఎవరు శుభ్రం చేయించాలో, ఏ గదికి తాళం వేసి ఉంటుందో, ఒకరికి రావడం కుదరకపోతే రెండోవాళ్ల సంగతేమిటో రెండు పేజీల్లో పెట్టండి. ఇళ్లు సమానంగా లేవని వాళ్లు గానీ మీరు గానీ నొచ్చుకోనక్కర్లేదు. మీ నాలుగు పడకగదుల ఇంటికి లియోన్ నడిబొడ్డున ఉన్న రెండు గదుల అపార్ట్‌మెంటు ఏమీ తీసిపోదు. మెట్రో, మార్కెట్ నడిచే దూరంలో ఉండటమూ విలువే.

ఇక మీ ఆయన అడిగిన గట్టి ప్రశ్న వంటింటిది. మాంసం వండొద్దని ముందే చెప్పొచ్చు, చాలామంది ఒప్పుకుంటారు కూడా. కానీ మూడు వారాలు కనిపెట్టి ఉండేవాళ్లెవరూ ఉండరు. పూజగదికి తాళం వేస్తే సరిపోతుంది, వంటింటికి వేయలేం. వాళ్లు ఒక్కసారి ఆ మాట తప్పినా మనసు కుదుటపడదనుకుంటే, ఈ పద్ధతి మీ ఇంటికి పనికిరాదు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని వెళ్లండి, హాయిగా ఉంటారు. పరవాలేదనుకుంటే మాత్రం వెనకాడొద్దు. మీ ఇంటిని వాళ్లెలా చూడాలనుకుంటావో వాళ్ల ఇంటిని మీరలా చూడండి. ఇన్సూరెన్సు జవాబు, సంతకాలు పెట్టిన ఒప్పందం చేతికి వచ్చాకే టికెట్లు కొనండి. అంతకు ముందు కొంటే, ఏ షరతు నచ్చకపోయినా తలూపాల్సిన పరిస్థితి మీదే అవుతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న