రూపాయి పడిందా? ‘దేనితో పోలిస్తే?’ అని అడగండి



టీవీలో ‘రూపాయి పతనం’ అని స్క్రోలింగ్ రాగానే, పిల్లల్ని పైచదువులకు విదేశాలకు పంపాలనుకునే ఇళ్లలో కంగారు మొదలవుతుంది. కానీ ఆ వార్తలో సగం సంగతే ఉంటుంది. ఏ కరెన్సీ విలువైనా ఇంకో కరెన్సీతో పోల్చినప్పుడే పెరిగిందనో, తగ్గిందనో చెప్పగలం. 2022లో డాలర్, యూరోల మధ్య జరిగింది చూస్తే ఇది మీకూ, మీ పిల్లలకూ తేలిగ్గా అర్థమవుతుంది.

ఆ ఏడాది ఏం జరిగింది?

2022 జనవరిలో ఒక యూరోకు సుమారు 1.13 డాలర్లు వచ్చేవి. జూలైలో రెండూ సమానమయ్యాయి. దాదాపు ఇరవై ఏళ్లలో అలా జరగడం అదే మొదటిసారి. సెప్టెంబర్ చివరికి యూరో 0.97 డాలర్ల దగ్గరికి దిగింది.

ముఖ్యమైన కారణాలు రెండు. మొదటిది వడ్డీ. ధరల్ని అదుపు చేయడానికి అమెరికా కేంద్ర బ్యాంకు మార్చిలోనే వడ్డీ రేట్లు పెంచడం మొదలుపెట్టింది. యూరప్ కేంద్ర బ్యాంకు జూలై దాకా ఆగింది. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసే ముందు మనం నాలుగు బ్యాంకుల వడ్డీ కనుక్కుంటాం కదా! పెద్ద పెట్టుబడిదారులూ అంతే. అమెరికాలో డబ్బు పెట్టాలంటే ముందు డాలర్లు కొనాలి. కొనేవాళ్లు పెరిగితే డాలర్ ధర పెరుగుతుంది.

రెండోది యుద్ధం. ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై రష్యా దాడి చేసింది. రష్యా గ్యాస్ మీద ఎక్కువగా ఆధారపడిన యూరప్‌లో ఇంధన ఖర్చు విపరీతంగా పెరిగింది. దాంతో యూరోకు గిరాకీ తగ్గింది.

మన ఇంటి లెక్క

అదే తొమ్మిది నెలల్లో డాలర్ సుమారు 74.50 రూపాయల నుంచి 81.50కి పెరిగింది. యూరో మాత్రం సుమారు 84 నుంచి 79కి తగ్గింది. అంటే రూపాయి ఒకేసారి డాలర్ ముందు పడింది, యూరో ముందు లేచింది!

అమెరికాలో 10,000 డాలర్ల ఫీజు కట్టాల్సిన కుటుంబానికి 70,000 రూపాయలు అదనంగా పడ్డాయి. జర్మనీ వీసా కోసం అప్పట్లో విద్యార్థి ఖాతాలో 10,332 యూరోలు చూపించాలి. ఆ కుటుంబానికి 51,660 రూపాయలు తక్కువ సరిపోయాయి. ఇద్దరూ టీవీలో చూసింది మాత్రం ఒకే వార్త.

అలాగని రేటు చూసి దేశాన్ని ఎంచుకోకండి. గాలి మళ్లీ తిరుగుతుంది. 2025లో ఒక యూరో 100 రూపాయలు దాటింది. కోర్సు రెండేళ్లుంటే ఈలోగా రేటు ఎటైనా పోవచ్చు. అందుకే:

• ఫీజు, ఇంటి అద్దె, తిండి ఖర్చు ఏ కరెన్సీలో కట్టాలో ముందే రాసుకోండి. ఆ కరెన్సీ రేటునే గమనించండి.
• బడ్జెట్‌ను ఈరోజు రేటుతో కాకుండా, కనీసం పది శాతం ఎక్కువ వేసుకుని లెక్కకట్టండి. విద్యారుణం మొత్తం నిర్ణయించుకునేటప్పుడు ఇది చాలా ముఖ్యం.
• పేపర్లో కనిపించే రేటుకే బ్యాంకు మనకు డాలర్లు అమ్మదు. కొంత ఎక్కువ తీసుకుంటుంది. డబ్బు పంపేముందు అమ్మకం రేటు, ఛార్జీలు అడిగి తెలుసుకోండి.

పిల్లలతో చేయించండి

ఏడో తరగతి, ఆపై పిల్లలకు నిష్పత్తులు తెలుసు. పైన ఉన్న రూపాయి రేట్లు ఇచ్చి, 84ను 74.50తో, 79ను 81.50తో భాగించమనండి. 1.13, 0.97 వస్తాయి. అవే యూరో-డాలర్ రేట్లు! తర్వాత నెల రోజులపాటు, వారానికోసారి రెండు కరెన్సీల రేట్లూ నోట్‌బుక్‌లో రాయించి, గ్రాఫ్ గీయించండి. రెండు గీతలూ ఒకేవైపు వెళ్లాయా, వేర్వేరుగా వెళ్లాయా అని అడగండి. రేపు ఫీజు కట్టేది మీరే అయినా, ఆ లెక్క ఇప్పటి నుంచే వాళ్లకూ తెలియడం మంచిది.