సుంకం తగ్గినా పసిడి దిగదేం?

ప్రశ్న: 2024 జులై బడ్జెట్‌లో బంగారంపై దిగుమతి సుంకం తగ్గించారు కదా, ధర మళ్లీ ఎందుకు ఎగబాకిందండీ?

జవాబు: తగ్గింపు చిన్నదేం కాదండీ. అంతకుముందు కస్టమ్స్ సుంకం 10, వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు 5, వెరసి 15 శాతం. వాటిని 5, 1కి దించి 6 శాతం చేశారు. ప్రకటన వచ్చిన రోజే పది గ్రాముల ధర వేలల్లో పడింది. కానీ ఆ ఊరట ఒక్కసారికే. ఆపైన ధరను నడిపేవి అంతర్జాతీయ మార్కెట్, డాలరుతో రూపాయి మారకం. రెండూ మనకు ఎదురుతిరిగాయి. పాత సుంకమే ఉంటే మీరు ఇంకా ఎక్కువ కట్టేవారు. నా లెక్కలో అసలు దెబ్బ తగిలింది స్మగ్లర్లకే. వాళ్లకు మిగిలేది తగ్గింది. 3 శాతం జీఎస్టీ మాత్రం కదల్లేదు. తరుగు, మజూరీ జోలికి ఏ బడ్జెట్టూ పోదు. బేరం అక్కడ ఆడండి.