ఎస్సీ వర్గీకరణ: ధర్మాసనం, నియామకం, ఓటరు

సోమశిల, గద్వాల, వనపర్తి ప్రాంతాలున్న నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు. ఇక్కడి ఓటరుకు వర్గీకరణ, అంటే ఎస్సీ కోటాను కులాల గ్రూపులుగా పంచడం, బతుకుదెరువు ప్రశ్న. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2000లో తెచ్చిన వర్గీకరణ చట్టాన్ని ఈ.వి. చిన్నయ్య కేసులో (2004) సుప్రీంకోర్టు అయిదుగురు సభ్యుల ధర్మాసనం కొట్టేసింది. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురి ధర్మాసనం 6:1 మెజారిటీతో ఆ తీర్పును తోసిపుచ్చింది; విభేదించింది జస్టిస్ బేలా త్రివేది. పోటీ పరీక్షల అభ్యర్థులు తికమకపడేది ఇక్కడే: మొదటిది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేసు, రెండోది పంజాబ్‌ది. తెలంగాణ చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లో ఉంది: 59 కులాలు, మూడు గ్రూపులు, వరుసగా 1, 9, 5 శాతం.

ఇలాంటి తీర్పులిచ్చే వారిని ఎవరు ఎంచుకుంటారన్నదీ ఓటరు ప్రశ్నే. అమెరికాలో ఫెడరల్ న్యాయమూర్తులను అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదిస్తుంది. అందుకే గర్భస్రావం చర్చలో నియామకాలూ ఎన్నికల అంశమే. సీనియర్ న్యాయమూర్తులే కొత్తవారిని సిఫారసు చేసే మన కొలీజియం విధానంలో ఓటరుకు ఆ దారి లేదు. దాని స్థానంలో తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను (ఎన్‌జేఏసీ) 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టే రద్దు చేసింది. ఇంత పెద్ద తీర్పులిచ్చే వారిని ఎందుకు ఎంచుకున్నారో జనానికి వివరంగా తెలియకపోవడం లోపమే.