రిపోర్టు చూశాను, ఇక నిద్ర సంగతి

చి. కిరణ్‌కి,

నువ్వు వాట్సాప్‌లో పంపిన లిపిడ్ ప్రొఫైల్ చూశాను. 150 లోపు ఉండాల్సిన ట్రైగ్లిజరైడ్లు 240. మగవాళ్లకు 40కి తగ్గకూడని మంచి కొలెస్ట్రాల్ 34. చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) పెద్దగా పెరగలేదు. మనవాళ్లలో తరచూ కనిపించే రిపోర్టే ఇది. మీ అమ్మ అప్పుడే నెయ్యి సీసా అటక ఎక్కించిందట. ఎక్కించనీ. నేను మాత్రం ముందు నీ రాత్రుళ్ల లెక్క అడుగుతాను.

ఇన్నేళ్లు మందుల షాపులో కూర్చున్నవాణ్ణి. సిమ్వాస్టాటిన్ రాసిన చీటీ వస్తే కవరు మీద ‘రాత్రి పడుకోబోయే ముందు’ అని రాసిచ్చేవాళ్లం. కాలేయం కొలెస్ట్రాల్ ఎక్కువగా తయారుచేసుకునేది రాత్రిపూటే, ఆ మందేమో ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. (అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్‌లకు ఆ పట్టింపు లేదు.) అంటే కాలేయానికీ వేళాపాళా ఉంది. ఒంట్లోని ఈ గడియారం ఎలా నడుస్తుందో పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికన్లకు నోబెల్ ఇచ్చారు. నువ్వు ఆ గడియారాన్ని లెక్కచేయకుండా నైట్ షిఫ్టులో రాత్రి రెండింటికి బిర్యానీ తింటున్నావు. పగలు తిన్న బిర్యానీ కంటే అది రక్తంలో కొవ్వును ఎక్కువ పెంచుతుంది.

అసలు ఆ వేళకి అంత ఆకలి ఎందుకేస్తుందో తెలుసా? షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు కుర్రాళ్లను వరసగా రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. ఆకలి పుట్టించే హార్మోన్ 28 శాతం పెరిగింది, ‘ఇక చాలు’ అనిపించేది 18 శాతం తగ్గింది. 2004 నాటి మాట ఇది. నీకు జిహ్వచాపల్యం అని మీ అమ్మ తిడుతుంది గానీ, తప్పంతా నాలుకది కాదురా.

నిద్ర తగ్గితే కొలెస్ట్రాల్ ఏమవుతుందన్న సంగతిలో ఒక్కో పరిశోధన ఒక్కోలా చెబుతుంది, ఒప్పుకుంటాను. గుండె సంగతిలో అంత సందేహం లేదు. మామూలుగా నిద్రలో బీపీ పది నుంచి ఇరవై శాతం దాకా దిగుతుంది. గుండెకు దొరికే విరామం అదే. నిద్ర ముక్కలైతే ఆ దిగడం తగ్గిపోవచ్చు. అమెరికాలో ఆరేళ్లకు పైగా మారే నైట్ షిఫ్టులు చేసిన నర్సుల్లో గుండెజబ్బు దాదాపు ఒకటిన్నర రెట్లు కనిపించిందని 1995లోనే తేలింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా 2022లో గుండె ఆరోగ్యానికి చూడాల్సిన ఏడు అంశాలకు నిద్రను ఎనిమిదోదిగా చేర్చింది. పెద్దవాళ్లకు ఏడు నుంచి తొమ్మిది గంటలు.

ఇక అసలు విషయం. సంక్రాంతికి వచ్చినప్పుడు నీ గురక వీధి గది దాకా వినపడింది. గురకకు భయపడలేదు, అది ఆగినప్పుడు భయపడ్డాను. కాసేపు చడీచప్పుడూ లేదు, ఆ తర్వాత ఉక్కిరిబిక్కిరై ఒక్క ఊపిరి పీల్చి మళ్లీ మొదలుపెట్టావు. అది స్లీప్ ఆప్నియా కావచ్చు. ఊపిరి ఆగినప్పుడల్లా రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, బీపీ ఎగబాకుతుంది, నీకు తెలియకుండానే మెలకువ వస్తుంది. తొమ్మిది గంటలు పడుకుని లేచినా కళ్లు మండుతున్నాయంటావు చూడు, కారణం ఇదే అయి ఉండొచ్చు. మీ నాన్నకి యాభై నిండకుండానే స్టెంట్ పడిందని మర్చిపోకు.

ఉద్యోగం మానెయ్యమనను, ఈఎంఐలు నాకూ తెలుసు. వారానికోసారి మారే షిఫ్టు కాకుండా ఒకే షిఫ్టు ఇమ్మని మేనేజర్‌ని అడుగు. మార్చిలో అమెరికావాళ్లు గడియారం ముందుకు జరిపితే నీ షిఫ్టూ గంట జరుగుతుంది కదా, ఆ వారం ఓవర్‌టైం ఒప్పుకోకు. పెద్ద భోజనం డ్యూటీకి వెళ్లేముందే ఇంట్లో కానియ్. డ్యూటీ సగం దాటాక కాఫీ, టీ వద్దు. పగలు పడుకునే గదికి మందపాటి కర్టెన్ వేయించు, ఫోన్ హాల్లో పెట్టు. డాక్టర్ మాత్ర రాస్తే వేసుకో. బాగా నిద్రపడుతోంది కదా అని దాన్ని ఆపేయకు.

ఈ వారంలోనే ఛాతీ డాక్టర్‌నో ఈఎన్‌టీ డాక్టర్‌నో కలిసి గురక సంగతి చెప్పి, స్లీప్ స్టడీ కావాలేమో అడుగు. మూడు నెలలాగి లిపిడ్ మళ్లీ చేయించు. రెండు రిపోర్టులూ నాకు పంపు. అమ్మకు నేను చెప్పుకుంటాను.

మీ మామయ్య