పొలం గట్టున దుప్పి: మేనల్లుడికి మామయ్య ఉత్తరం

ఏలూరు

చిరంజీవి మేనల్లుడికి,

టెక్సాస్ ఉద్యోగం వదిలి వచ్చి, బుట్టాయగూడెం దగ్గర మెట్ట సేద్యం చేస్తున్నావంటే ఇంటిల్లిపాదికీ సంతోషం. రాత్రిళ్లు దుప్పులు దిగి మినుము మేసిపోతున్నాయనీ, అక్కడి స్నేహితుల్లా ఇక్కడా వేట మొదలుపెట్టాలంటే ఏం కావాలనీ అడిగావు. జవాబు సూటిగానే చెప్పాలి. మన దేశంలో జింక వేటకు లైసెన్సు లేదు, సీజన్ లేదు. సొంత పొలమైనా మినహాయింపు లేదు.

టెక్సాస్ సంగతి వేరు. తెల్లతోక జింకను ఏ నెలల్లో కొట్టవచ్చో, ఒక్కొక్కరు ఎన్ని కొట్టవచ్చో అక్కడి ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. కొట్టినదానికి ట్యాగు కట్టాలి. 1971 సెప్టెంబర్ 2న, ఆ తరువాత పుట్టినవాళ్లు వేట శిక్షణ కూడా పూర్తిచేయాలి. మన దగ్గరా ఒకప్పుడు వేట లైసెన్సులు ఉండేవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని బిగించింది, 1991 సవరణ ఎత్తేసింది.

ఆ చట్టం లెక్కలో తుపాకీ పేల్చడమొక్కటే వేట కాదు. ఉచ్చు పన్నినా, విషం పెట్టినా, ఎర వేసినా, చంపాలని తరిమినా వేటే. ప్రయత్నం చేసి తప్పిపోయినా నేరమే. మన రాష్ట్ర జంతువు కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. 1998 అక్టోబరులో రాజస్థాన్‌లోని కంకాణీ దగ్గర జరిగిన కృష్ణజింకల వేట కేసు గుర్తుందా? జింకల్ని కాపాడుకునే అక్కడి బిష్ణోయి సమాజంవాళ్లు పట్టు వదలలేదు. 2018 ఏప్రిల్ 5న జోధ్‌పూర్ కోర్టు సినీ నటుడు సల్మాన్ ఖాన్‌కు అయిదేళ్ల శిక్ష వేసింది. ఆయన బెయిలుపై బయటికొచ్చి అప్పీలు చేసుకున్నాడు. అంత పేరున్న మనిషే ఇరవై ఏళ్లు కోర్టు మెట్లెక్కితే, చిన్న రైతు తట్టుకోగలడా?

పంట రక్షణకు తుపాకీ లైసెన్సు ఇస్తారు కదా అంటావేమో. ఆ లైసెన్సు తుపాకీ దగ్గర ఉంచుకోవడానికే గాని, వన్యప్రాణిని చంపడానికి కాదు. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లు తమ ఆయుధాన్ని అటవీశాఖ దగ్గర కూడా నమోదు చేయించాలి. పంటకు మరీ ముప్పు ఉంటే 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. అలా చంపిన జంతువు కూడా ప్రభుత్వ ఆస్తే అవుతుంది, వండుకోవడానికి రాదు.

ఇంకొక్కటి, మామయ్య అన్నిటికన్నా గట్టిగా చెప్పేది. అడవిపందుల కోసమని చేను చుట్టూ కరెంటు తీగ లాగే పని ఎవరు చెప్పినా చేయకు. తెలుగు రాష్ట్రాల్లో ఆ తీగ తగిలి తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతులే పోయారు, పక్క చేలవాళ్లు పోయారు. మనిషి పోతే కేసు వన్యప్రాణి చట్టంతో ఆగదు.

మరి పంట దక్కేదెలా? సోలార్ కంచెతో మొదలుపెట్టు. బ్యాటరీ, ఎనర్జైజర్ కలిసి తీగలోకి కరెంటును క్షణమాత్రపు దెబ్బలుగా పంపుతాయి. జంతువు అదిరి వెనక్కి పోతుంది గాని చావదు. పందికి నేలకు దగ్గరగా ఒక తీగ ఉండాలి, దుప్పి ఎగిరి దూకుతుంది కనుక కంచె మనిషి ఎత్తు దాటాలి. తీగకు గడ్డి తగిలితే కరెంటు నేలలోకి దిగిపోతుంది. వారానికోసారి కంచె వెంట నడిచి కలుపు కొట్టాల్సిందే. ఒక్కడివే వేసుకుంటే ఖర్చెక్కువ, పైగా మంద పక్క చేలో పడుతుంది. నలుగురు రైతులు కలిసి ఒకే చుట్టు వేసుకోండి.

డబ్బు చాలకపోతే గట్ల మీద ఆముదం దట్టంగా నాలుగు వరసలు వేయి. మొక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ వేస్తే అడవిపందులు తగ్గుతాయని హైదరాబాద్ రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. రంగు చీరలు కడితే కొన్నాళ్లు పనిచేస్తుంది. అలవాటు పడకముందే చోటు మార్చాలి. కాయ పట్టే రోజుల్లో మంచె మీద కాపలాకు మించింది లేదు. మేసిన చేను ఫోటోలు అదే రోజు తీసి, పరిహారానికి అర్జీ పెట్టు.

ఆ దుప్పుల్ని శత్రువుల్లా చూడకు. 2008లో జాతీయ పార్కు అయిన పాపికొండల అడవిలో పులికీ చిరుతకూ తిండి అవే. మనుషులూ అడవి ప్రాణులూ పక్కపక్కనే ఎలా బతుకుతున్నారో కొల్లేటి వైపు ఒకసారి వచ్చి చూడు. ఆ సరస్సులో 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో అభయారణ్యమైంది, 2006లో అందులోని చేపల చెరువుల గట్లు తెంచారు. చెరువు రైతులకు ఆ బాధ ఇంకా ఉంది, అది కాదనలేం. అయినా కైకలూరు పక్కన ఆటపాకలో అటవీశాఖ పెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు పిల్లల్ని లేపుతున్నాయి. చేపలు తినే పక్షుల్ని చేపల మీదే బతికే ఊళ్ల మధ్య ఉండనిస్తున్నారు, పడవల్లో జనం వెళ్లి చూసొస్తున్నారు.

తుపాకీకని దాచిన డబ్బు కంచెకు పెట్టు. ఈ వారంలోనే పక్క రైతుల్ని వెంటబెట్టుకుని అటవీ రేంజ్ ఆఫీసుకు వెళ్లి, పంట నష్టం అర్జీకి ఏమేం కావాలో అడిగి రాసుకో.

ఆశీస్సులతో,
మామయ్య